బత్తాయి తోట లెక్కనే బాస్కెట్‌బాల్ టీం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికల బజర్‌బీటర్ అనే ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్ మేనేజర్ ఆట గురించి చిన్న పరిచయం రాసినం, దానికి నల్లగొండ, పాలమూరు దిక్కు నుంచే ఇన్ని ప్రశ్నలొస్తయని అనుకోలే. కొత్తగ చదివేటోళ్ల కోసం రెండు ముక్కలు చెప్త. ఇది 2007 నుంచి నడుస్తున్న ఆట, ఫోన్ల బటన్లు నొక్కి బంతి ఎగరేసేది కాదు, మనం మేనేజర్‌మి, ఆటగాళ్లను కొనుడు, అమ్ముడు, ట్రైనింగ్ ఇచ్చుడు, లైనప్ పెట్టుడు, స్టేడియం కట్టుడు మన పని, మ్యాచ్ కంప్యూటర్ ఆడిస్తది. లీగుకు 16 టీంలు, ఎనిమిదెనిమిది చొప్పున రెండు గ్రూపులు, సీజన్ అంటే 14 వారాలు, 22 లీగ్ మ్యాచ్‌లు. సీజన్ అయిపోతే ప్రతి ఆటగానికి ఒక ఏడు వయసు పెరుగుతది. ఈసారి ఎక్కువ మంది అడిగింది ఒక్కటే విషయం, నాలుగైదు సీజన్లు నిలబడే టీంను ఎట్ల కట్టాలె అని. అందుకే ఆ ప్రశ్నలే తీసుకున్న.

ప్రశ్న: అన్నా, నేను రెండు సీజన్ల కింద టీం తీస్కున్న. మొదట్ల ఉన్న పైసలన్నీ పెట్టి 31, 32 ఏండ్లున్న స్టార్లను నలుగురిని కొన్న, ఫస్ట్ సీజన్ల ప్లేఆఫ్స్ దాక పోయినం. ఇప్పుడు టికెట్ల పైసలు జీతాలకే సరిపోతలేవు, వారం వారం మైనస్, అమ్ముదామంటే కొనేటోడు లేడు. టీం వదిలేసి కొత్తది తీస్కోమంటవా?
డిగ్రీ స్టూడెంట్, మిర్యాలగూడ

జవాబు: వద్దు తమ్ముడూ, వదలకు. నువ్వు చేసింది దాదాపు అందరం మొదట్ల చేసేదే, ఎందుకంటే మార్కెట్ల ముసలి స్టార్ చవకగ కనిపిస్తడు, స్కిల్స్ చూస్తే కండ్లు చెదురుతయి, ధర చూస్తే మనకు అందేటట్టే ఉంటది. కానీ ఆ ధర ఎందుకు తక్కువుందో ఒక్కసారి ఆలోచించు. అమ్మేటోనికి తెలుసు, రెండు మూడు సీజన్లైతే వాని స్కిల్స్ దిగుడు మొదలైతది, అప్పుడు వాన్ని ఎవ్వరు కొనరు, అప్పటిదాక జీతం మాత్రం పూర్తిగ ఇయ్యాలె. కొన్న ధర ఒక్కసారి పోయేది, జీతం ప్రతి వారం పోయేది, సీజన్‌కు 14 సార్లు. అందుకే నేను ఎవరిని కొనాల్నన్నా ముందు జీతాన్ని 14తోని గుణించి ధరకు కలిపి చూస్త, అట్ల చూస్తే నీ నలుగురు ఎంత ఖరీదైనోళ్లో నీకే అర్థమైతది.

నిజం ఎన్‌బీఏల, అంటే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగులనే పెద్ద ఉదాహరణ ఉంది. 2013ల బ్రూక్లిన్ నెట్స్ వాళ్లు వెంటనే కప్పు కొట్టాలని 35 ఏండ్ల పాల్ పియర్స్‌ను, 37 ఏండ్ల కెవిన్ గార్నెట్‌ను బోస్టన్ నుంచి తెచ్చుకున్నరు, బదులుగ 2014, 2016, 2018 ఫస్ట్ రౌండ్ పిక్స్, అంటే డ్రాఫ్ట్‌ల కొత్త కుర్రాళ్లను ఎంచుకునే హక్కులు, ఇచ్చేసినరు, 2017 పిక్‌ను మార్చుకునే హక్కు కూడ ఇచ్చినరు. వాళ్లిద్దరితోని బ్రూక్లిన్ గెలిచింది ఒక్క ప్లేఆఫ్ సిరీస్. బోస్టన్ ఆ పిక్స్‌తోని ఏం చేసిందంటే, 2016ల జేలెన్ బ్రౌన్‌ను తీసుకుంది, 2017ల వచ్చిన ఒకటో నంబర్ పిక్‌ను ఇచ్చి మూడో నంబర్‌కు దిగి జేసన్ టేటమ్‌ను తీసుకుంది, ఆ ఇద్దరితోనే 2024ల ఛాంపియన్ అయింది. 2013 యాడ, 2024 యాడ. మధ్యల పదకొండేండ్లు.

ఇప్పుడు నీ సంగతికొస్తే, నలుగురిల జీతం ఎక్కువున్న ఇద్దరిని ఎంతొస్తే అంతకు వదిలించుకో, కొనేటోడే లేకుంటే ఉత్తగనే పంపెయ్, కడుపుల దేవినట్టైతది గని వచ్చే వారం నుంచే తేడా తెలుస్తది. మిగిలిన ఇద్దరు టీంను మోస్తరు. ఇంకో మాట, ఇది చానమంది పట్టించుకోరు. నీ గ్రూపుల ఎనిమిది టీంలల్ల మొదటి నాలుగు ప్లేఆఫ్స్‌కు పోతయి, ఎనిమిదో టీం సీదా కింది డివిజన్‌కు పడిపోతది, ఆరు, ఏడు టీంలు నిలబడనీకి మళ్ల సిరీస్ ఆడాలె. అంటే ఐదో ప్లేసు సేఫ్. రాబోయే రెండు సీజన్లు నీ టార్గెట్ కప్పు కాదు, ఐదో ప్లేసు. ఐదో ప్లేసుకు ఎంత టీం కావాల్నో అంతే ఉంచుకొని మిగిలిన పైసలన్నీ 18, 19 ఏండ్ల పిల్లల మీద పెట్టు.

ప్రశ్న: అన్నా, ఏడుగురు 18 ఏండ్ల పోరగాళ్లను కొన్న, అందరికి మంచి పొటెన్షియల్ (ఎంత దాక ఎదగొచ్చో చెప్పేది) ఉంది. ఒక వారం పాసింగ్, ఒక వారం రీబౌండింగ్ (తప్పిన షాట్ బంతిని అందుకునుడు), ఒక వారం జంప్ షాట్ ఇట్ల మారుస్తున్న, రెండు సీజన్లైనా ఒక్కడు కూడ ఎదుగుతలేడు. తప్పు యాడుంది?
ఇంజనీరింగ్ స్టూడెంట్, మహబూబ్‌నగర్

జవాబు: ఈ ఒక్క ప్రశ్న కోసం మొత్తం పేజీ ఇయ్యమన్నా ఇస్త, టీం కట్టుడంటే అసలు ఇదే కాబట్టి.

లెక్క చూడు. ఈ ఆటల వారానికి ఒక్కటే ట్రైనింగ్ పెట్టొచ్చు, అది శుక్రవారం పడ్తది. ఏ పొజిషన్‌కు ట్రైనింగ్ పెట్టినవో ఆ పొజిషన్ల వారంల 48 నిమిషాలు ఆడినోనికే అది పూర్తిగ పడ్తది. మ్యాచ్ ఎంతసేపు? 48 నిమిషాలు. మామూలుగ వారానికి ఎన్ని మ్యాచ్‌లు? రెండు లీగ్‌వి, ఒక కప్‌దో ఫ్రెండ్లీదో, మొత్తం మూడు. అంటే ఒక పొజిషన్‌కు వారంల 144 నిమిషాలున్నయి, ముగ్గురికే సరిపోతయి. రెండు పొజిషన్లకు పెడితే ఆరుగురికి అందుతది గని ఒక్కొక్కనికి పడేది తగ్గుతది, పొజిషన్లు పెంచినకొద్ది ట్రైనింగ్ పల్చనైతది. నువ్వు ఏడుగురిని పెట్టుకొని, నిమిషాలు చూసుకోకుండ, వారానికొక స్కిల్ మారుస్తే ఎవ్వనికి ఏది నిండుగ పడలే. పాసింగ్ వారంల నీ సెంటర్ పోరడు, అంటే బుట్ట కింద ఆడే పొడుగోడు, వట్టిగనే కూసున్నడు, రీబౌండింగ్ వారంల గార్డ్ పోరడు, అంటే బయట నుంచి బంతి నడిపేటోడు, వట్టిగనే కూసున్నడు, వయసు మాత్రం ఇద్దరికి పెరిగింది.

మా దిక్కు బత్తాయి తోటలు చూసే ఉంటవు. మొక్క పెట్టినంక నాలుగైదేండ్లకు గని కాపు సరిగ్గ రాదు. అప్పటిదాక రైతు ఏం జేస్తడు, సాళ్ల మధ్యల పెసరో పల్లీనో వేసుకొని ఇల్లు నడుపుకుంటడు, బోరుల ఉన్న నీళ్లకు ఎన్ని చెట్లు బతుకుతయో అన్నే పెడ్తడు. ఒక ఇంచు నీళ్లు పోసే బోరు పెట్టుకొని పదెకరాలు నాటితే ఏమైతదో మా ఊర్లల్ల అందరం చూసినం, ఎండాకాలం ట్యాంకర్లు కొని చెట్లకు పోసినరు, అది కూడ చాలక ఎన్నో తోటలు కొట్టేసుకున్నరు. నీ బోరు నీళ్లు అంటే వారానికి ఆ 144 నిమిషాలే. వాటితోని ఏడు చెట్లు బతకవు.

నేను ఈ తప్పుతోనే నాలుగు సీజన్లు పోగొట్టుకున్న. తొమ్మిది మంది పిల్లలుండె నా టీంల, ప్రతి ఒక్కని మీద ఆశే, ఎవ్వన్ని అమ్మబుద్ధి కాలే, వాళ్లంతా 22 ఏండ్లకొచ్చేసరికి ఎవ్వడు దేనికి పనికిరాలే. అప్పుడు ముగ్గురిని ఉంచుకొని మిగిలినోళ్లను అమ్మిన, ఆ ముగ్గురే తర్వాత నా టీంను రెండు డివిజన్లు పైకి తీస్కపోయినరు.

కాబట్టి నీ ఏడుగురిల ముగ్గురినో, బాగా ఓపికుంటే ఆరుగురినో ఎంచుకో. ఎంచుకునేటప్పుడు పొటెన్షియల్ ఒక్కటే చూడకు, ఎత్తు చూడు, పొడుగ్గున్నోనికి లోపలి స్కిల్స్ అంటే ఇన్‌సైడ్ షాట్, ఇన్‌సైడ్ డిఫెన్స్, రీబౌండింగ్ తొందరగ పడ్తయి, పొట్టిగున్నోనికి బయటి స్కిల్స్ తొందరగ పడ్తయి. ఇప్పుడు వానికున్న స్కిల్స్ కూడ చూడు, 18 ఏండ్లకే మొత్తం స్కిల్స్ మంచిగున్న మామూలు పొటెన్షియల్ పిల్లగాడు, ఖాళీగున్న పెద్ద పొటెన్షియల్ పిల్లగాని కంటే చాలసార్లు మేలు, ఎందుకంటే ఆ ఖాళీ నింపనీకే నీకు రెండు సీజన్లు పోతయి, ఆ రెండు సీజన్లే వాడు అన్నిటికంటే వేగంగ నేర్చుకునే వయసు. వయసు పెరిగినకొద్ది అదే 48 నిమిషాలకు పడే ట్రైనింగ్ తక్కువైతది.

ఏ స్కిల్ ముందు అంటవా, కష్టమైనవి ముందు. అంటే వాని పొజిషన్‌కు సంబంధం లేని పొజిషన్ల ఆడిస్తే గని నేర్చుకోని స్కిల్స్ ఉంటయి గదా, గార్డ్‌కు లోపలి డిఫెన్స్, సెంటర్‌కు పాసింగ్ లాంటివి, అవి వాడు చిన్నగున్నప్పుడే, నీ టీం ఎట్లాగో ఐదో ప్లేసుల ఉన్నప్పుడే నేర్పియ్. తర్వాత టీం పైకి పోయినంక సెంటర్‌ను పాయింట్ గార్డ్ ప్లేసుల ఆడించే ధైర్యం ఎవ్వనికి ఉండదు. ఇంకోటి, ఒక స్కిల్ మరీ పైకి పోయి దానికి తోడుండే స్కిల్స్ కిందనే ఉంటే ఆ స్కిల్ మెల్లగ పడ్తది, హ్యాండ్లింగ్ (బంతి మీద పట్టు) లేకుండ డ్రైవింగ్ (బంతితోని బుట్ట దిక్కు దూసుకపోవుడు) ఒక్కటే పెంచుతా అంటే ముందుకు కదలదు. అందుకే కొన్ని వారాలు ఇది, కొన్ని వారాలు అది అని మార్చాల్సిందే, కాని మార్చేది ఆ ముగ్గురి కోసం మార్చాలె, అందరికి పంచుదామని కాదు.

నిమిషాల సంగతి మళ్ల ఒక్కసారి. 48 దాటాలె, గట్లని రెండు ఫుల్ మ్యాచ్‌ల నిమిషాలు వారం వారం ఒక్కని మీదనే వెయ్యకు, గేమ్ షేప్ (ఆటగాని ఫిట్‌నెస్) పడిపోతది. పేపర్ మీద రాసుకో తమ్ముడూ, నేను ఇప్పటికి నోట్‌బుక్‌లనే రాసుకుంట, మంగళవారం ఎవరు ఎన్ని నిమిషాలు ఆడినరు, శనివారం ఎవరికి ఎన్ని పడాలె అని.

ప్రశ్న: బ్రో, కావాలని ఓడిపోయి లాస్ట్ ప్లేస్‌ల ఉంటే డ్రాఫ్ట్‌ల ముందు పిక్ వస్తది గదా, రెండు సీజన్లు అట్ల చేస్తే మంచి టీం రాదా? ఎన్‌బీఏల ఫిలడెల్ఫియా వాళ్లు చేసినట్టు.
సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సూర్యాపేట

జవాబు: ఫిలడెల్ఫియా లెక్క కూడ పూర్తిగ చూద్దాం. 2013-14ల 19 గెలుపులు 63 ఓటములు, తర్వాత 18, 64, ఆ తర్వాత 10, 72. మూడు సీజన్లు అభిమానులు అది భరించినరు. జోయెల్ ఎంబీడ్ వచ్చిండు 2014ల మూడో పిక్‌తోని, నిజమే, గొప్ప ఆటగాడే. కానీ 2018, 2019, 2021, 2022, 2023ల ఐదుసార్లు సెకండ్ రౌండ్‌లనే ఆగిపోయినరు. అదే 2014 డ్రాఫ్ట్‌ల 41వ పిక్‌గ డెన్వర్ తీసుకున్న నికోలా యోకిచ్ 2023ల కప్పు తెచ్చిండు. ఐదు కప్పులు కొట్టిన శాన్ ఆంటోనియోల టోనీ పార్కర్ 28వ పిక్, మాను జినోబిలీ 57వ పిక్. టిమ్ డంకన్ ఒకటో పిక్ అనుకో, ఒప్పుకుంట, కాని డంకన్ ఒక్కడే ఐదు కప్పులు తేలే.

మన ఆటల ఐతే ఇంకా నష్టం. ఎన్‌బీఏల మంచి కుర్రాడు కావాల్నంటే డ్రాఫ్టే పెద్ద దారి, ఇక్కడ ప్రపంచంల అన్ని దేశాల పిల్లలు రోజూ వేలంల దొరుకుతరు. అంటే ముందు పిక్‌తోని వచ్చే పిల్లగాని విలువ, అసుంటోన్ని మార్కెట్ల కొననీకి పెట్టే ధర కంటే ఎక్కువ కాదు. దాని కోసం నువ్వు పోగొట్టుకునేది ఏంది? గెలవని టీంను చూడనీకి జనం రారు, టికెట్ల పైసలు తగ్గుతయి, కింది డివిజన్‌కు పడితే ఆదాయం ఇంకా తగ్గుతది, మళ్ల పైకి రానీకి ఒక సీజన్. తక్కువ ఖర్చుతోని నడుపుడు వేరు, ఓడిపోవుడే పని పెట్టుకునుడు వేరు. మొదటిది చెయ్, రెండోది వద్దు. డ్రాఫ్ట్‌కు ముందు పిల్లలను చూసి రానీకి పెట్టే స్కౌటింగ్ ఖర్చు మాత్రం కొద్దిగ పెట్టు, నీ దేశం పిల్లగాడు సొంతంగ దొరికితే ఆ సంతోషమే వేరు.

ప్రశ్న: నమస్తే అండీ. నేను, పదో తరగతి చదివే మా బాబు కలిసి టీం నడుపుతున్నాం. మా సెంటర్‌ను 18 నుంచి 23 దాకా ఇన్‌సైడ్ స్కిల్స్ మాత్రమే నేర్పి పెంచాం, మా లీగ్‌లో వాడే బెస్ట్. కానీ ఈ సీజన్ మొదలవగానే వాడి జీతం ఒక్కసారే పెరిగి మిగతా నలుగురు స్టార్టర్ల జీతం కలిపినంత అయింది. ఏం చేయాలి?
టీచర్, గద్వాల

జవాబు: మేడం, ముందు మీకు, బాబుకు అభినందనలు, ఐదు సీజన్లు ఒక్కన్ని పట్టుకొని పెంచుడు మామూలు ఓపిక కాదు. దాదాపు 70 వారాలు, ఏడాది మీద నాలుగు నెలలైతది.

జీతం సంగతేందంటే, సీజన్ నడుస్తున్నప్పుడు స్కిల్స్ ఎంత పెరిగినా జీతం మారదు, కొత్త సీజన్ మొదలుకాంగనే ఒక్కసారే లెక్కగడ్తరు. ఆ లెక్క కూడ సమానంగ పెరగది, స్కిల్ పైకి పోయినకొద్ది ఒక్కో మెట్టుకు జీతం ఇంకా ఎక్కువ పెరుగుతది, అందులనూ సెంటర్లకు అది చాల నిట్టనిలువుగ పోతది. ఇన్‌సైడ్ షాట్, ఇన్‌సైడ్ డిఫెన్స్, రీబౌండింగ్ మూడే పెరిగి మిగతావి కిందనే ఉన్న సెంటర్‌కు ఇచ్చే జీతం ఎక్కువ, మ్యాచ్‌ల వాడు తెచ్చేది మాత్రం అంత ఉండదు, బంతి వాని చేతికొస్తే పాస్ ఇయ్యరాదు, పట్టుకోనీకి రాదు, అవతలోళ్లు లాక్కుంటరు.

యోకిచ్‌నే చూడండి, సెంటర్, కాని 2024-25 సీజన్ల మ్యాచ్‌కు సగటున పది అసిస్టుల (అవతలోడు బుట్టల వేసేటట్టు ఇచ్చే పాస్‌ల) పైనే ఇచ్చిండు, పాయింట్లు 29.6, రీబౌండ్లు 12.7. సెంటర్‌కు పాసింగ్ వస్తే టీం మొత్తం ఎట్ల మారిపోతదో బాబుకు అర్థం కావాల్నంటే డెన్వర్ మ్యాచ్ ఒకటి చూపియ్యండి, పొద్దుగాల మన టైంకే వస్తయి.

మీ ముందల రెండు దారులున్నయి. వాన్ని ఇప్పుడే అమ్మితే మంచి ధరొస్తది, 23 ఏండ్లు, పై డివిజన్ టీంలకు వాడు కావాలె, వాళ్లకు ఆ జీతం మోసే ఆదాయం ఉంటది. ఆ పైసలతోని మధ్యరకం సెంటర్‌ను కొని, ఇద్దరు ముగ్గురు పిల్లలను కూడ తెచ్చుకోవచ్చు. రెండోది, ఉంచుకోవాల్నంటే ఇగ లోపలి స్కిల్స్ ఒక్క మెట్టు కూడ పెంచకండి, ఫ్రెండ్లీ మ్యాచ్‌లల్ల గార్డ్ ప్లేసుల ఆడించి పాసింగ్, హ్యాండ్లింగ్ నేర్పియ్యండి, వీటితోని సెంటర్ జీతం పెద్దగ పెరగదు, ఆట మారుతది. నేనైతే అమ్మమంటనండి. ఐదు సీజన్లు పెంచిన చెట్టుకు ఇది కాపు కాలం, కాపును కోసుకోవాలె గదా. కాని నిర్ణయం బాబునే తీసుకోనియ్యండి, ముందుగాల జీతాలు, ఆదాయం రెండు కాగితం మీద రాపియ్యండి, లెక్కల క్లాసులో చెప్పేదానికంటే బాగ గుర్తుంటది.

ప్రశ్న: స్టేడియం పెంచాల్నా, ఆటగాళ్లను కొనాల్నా? చేతుల కొద్దిగనే పైసలున్నయి.
దేవరకొండ

జవాబు: స్టేడియం. సీట్లు ఒక్కసారి కట్టినంక వయసు మీద పడదు, జీతం అడగవు, ప్రతి హోమ్ మ్యాచ్‌కు పైసలు తెస్తయి. ఐతే అన్నీ ఒకేసారి కట్టకు, సీట్లు రెండు మూడు మ్యాచ్‌లు వరుసగ నిండితే ఆ రకం సీట్లే కొన్ని పెంచు, నిండకుంటే టికెట్ ధర తగ్గించి చూడు.

ప్రశ్న: అన్నా, వేలంల నేను ఎప్పుడు ఓడిపోత, లేకుంటే ఎక్కువ పెట్టి కొంట. దీనికేమన్న పద్ధతుందా?
వనపర్తి

జవాబు: మీ దగ్గరనే పెబ్బేరు సంత ఉండంగ నన్ను అడుగుతున్నవా తమ్ముడూ. శనివారం పొద్దుగాల పోయి పెద్దమనుషులు ఎద్దులను ఎట్ల బేరం చేస్తరో చూడు. ఇంటి కాడ్నే మనసుల ఒక ధర అనుకొని పోతరు. ముందు పండ్లు చూసి వయసు తెలుసుకుంటరు, కాలు చూస్తరు, నడిపించి చూస్తరు, అప్పుడు గని ధర మాట ఎత్తరు. అనుకున్న ధర దాటితే అక్కడ్నుంచి నడుస్తరు, ఎంత మంచి ఎద్దైనా వెనక్కి తిరిగి చూడరు.

వేలంల గూడ అదే. చివరి నిమిషాల్ల బిడ్ పడితే గడువు ఇంకొంచెం జరుగుతది, అట్ల జరిగి జరిగి మనం ఆవేశంల పెంచుకుంట పోతం. బిడ్ వేసే ముందే ఆఖరి ధర రాసిపెట్టుకో. అదే వయసు, అదే స్కిల్స్ ఉన్నోళ్లు ఈ మధ్య ఎంతకు పోయినరో చూసే సౌకర్యం ఆటలనే ఉంది, దాన్ని వాడు. ప్లేఆఫ్స్ ముందల అందరు తయారైన ఆటగాళ్ల కోసం ఎగబడ్తరు, అప్పుడు అమ్ము. సీజన్ అయిపోయినంక డ్రాఫ్ట్ పిల్లలు గుంపులు గుంపులుగ మార్కెట్‌కొస్తరు, అప్పుడు పిల్లలను కొను. కొని వారంలనే మళ్ల అమ్మి లాభం తీసుకుందామనే ఆలోచన మాత్రం వద్దు, కొన్నంక తక్కువ రోజులకే అమ్మితే వచ్చిన పైసలల్ల కోత ఎక్కువ పడ్తది.

ప్రశ్న: నాకు గ్రూప్స్ ప్రిపరేషన్ ఉంది సార్, రోజుకు పది నిమిషాలు కూడ కష్టమే. టీం నడుస్తదా?
నారాయణపేట

జవాబు: నడుస్తది. వారానికి రెండుసార్లు లైనప్, ఒకసారి ట్రైనింగ్ చూసుకుంటే చాలు, ఈ ఆట మందికి నచ్చేది అందుకే. ముగ్గురు పిల్లలు, ఒకే పొజిషన్, ఇంతే పెట్టుకో. లీగ్ మ్యాచ్‌లన్నీ నార్మల్ ఎఫర్ట్‌లనే ఆడియ్, చిన్న మ్యాచ్‌కు క్రంచ్ టైమ్ (పూర్తి జోరు) పెడితే తర్వాతి మ్యాచ్‌లకు ఉత్సాహం మిగలదు. పరీక్ష అయినంక మిగతాది చూసుకుందువు, ముందు చదువుకో.

ప్రశ్న: అన్నా, నేను డ్రాఫ్ట్‌ల తీసుకున్న మొదటి పిల్లగాడు ఇప్పుడు 29 ఏండ్లకొచ్చిండు. ఆ సీజన్ల నేను తొమ్మిది చదువుతుంటి, ఇప్పుడు ఐటీఐ అయిపోయింది. అందరు అమ్మెయ్ అంటున్నరు, ఇంకో సీజన్ ఐతే ధర పడిపోతదంటున్నరు. నాకు మనసొప్పుతలేదు. ఏం చెయ్యమంటవు?
అచ్చంపేట

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. ఒక్క పిల్లగాన్ని పదకొండు సీజన్లు ఉంచుకున్నోడు నాకు తెలిసి చాల తక్కువ.

లెక్క చెప్పాల్నంటే వాళ్లు చెప్పేది నిజమే, 29 అంటే అమ్మకానికి దాదాపు ఆఖరి అవకాశం, 31 దాటితే కొనేటోళ్లు తగ్గిపోతరు. ఇప్పటిదాక పైన నేను అందరికి అదే చెప్పిన. కాని నీకు అమ్మమని చెప్ప. ఎందుకంటే నువ్వు అడిగింది ధర గురించి కాదు. వానికి జీతం ఎంత, నీ టీం మోస్తదా లేదా అనేది ఒక్కటి చూడు. మోస్తదంటే ఉంచుకో. వాన్ని నువ్వు వేరే ఊరి నుంచి కొనలే, నీ చేతుల్ల పెరిగిండు, నువ్వు కూడ వానితోనే పెరిగినవు.

ఐతే ఒక పని చెయ్. వాని పక్కన ఇప్పుడే ఒక 18 ఏండ్ల పిల్లగాన్ని పెట్టు, అదే పొజిషన్ల. నిమిషాలు ఇద్దరికి పంచు, ఈ సీజన్ల పెద్దోనికి లీగ్ మ్యాచ్‌లు, చిన్నోనికి ఫ్రెండ్లీ, వచ్చే సీజన్ల సగం సగం, ఆ తర్వాత చిన్నోనికే ఎక్కువ. తోటల ముసలి చెట్టు కాపు తగ్గేలోపల దాని పక్కన గుంత తీసి కొత్త మొక్క పెడ్తరు చూడు, మా నాయిన అట్లనే చేసేది, ముసలి చెట్టును మాత్రం కొట్టనిచ్చేటోడు కాదు, నీడకన్నా ఉంటదని.

నా టీంల గూడ ఒకడుండె, ఆ ముగ్గురిల ఒకడు, పాయింట్ గార్డ్. 34 ఏండ్లదాక ఉంచుకున్న. ఆఖరి సీజన్ల వాడు బెంచ్ మీద నుంచి ఐదారు నిమిషాలు ఆడుతుండె, అంతే. ఆఖరి మ్యాచ్ రోజు ఫలితం ముందే చూడకుండ కూసొని, ఒక్కొక్క లైన్ వచ్చేది చదువుకుంట పోయిన, వాడు రెండు ఫ్రీ త్రోలు వేసిండు, రెండూ పడ్డయి.